సోయా పాల వల్లేనా?

మేము సోయా పాలు అమ్మేవాళ్ళం. ఆంధ్రాకి దూరంగా, ఈ ఉక్కు ఊళ్ళో, బారిడీహ్‌లో పార్కు గేటు పక్కన, పొద్దున్నే నడకకి వచ్చేవాళ్ళ కోసం. ఒక బల్ల, స్టీలు క్యాను, గాజు గ్లాసులు, అవి కడగడానికి రెండు బకెట్లు. మా బావ, అంటే నా మొగుడు, మేనత్త కొడుకే, గ్లాసులు కడిగి అందించేవాడు. నేను పాలు పోసేదాన్ని. మాటలు కూడా నావే. ఆయనకి మొదట్నుంచీ నలుగురిలో నోరు పెగలదు.

అంతకుముందు ఆయన ఉక్కు ప్లాంటులో ఠేకేదారు, అంటే కాంట్రాక్టరు, కింద పనిచేసేవాడు. ఒకసారి మిషన్లు ఆపి చేసే షట్‌డౌన్ పనిలో బరువెత్తబోతే నడుం పట్టేసింది. ఆ తర్వాత నిలబడగలడు, నడవగలడు, కానీ వంగి ఏదీ ఎత్తలేడు. ఎత్తలేని మనిషిని ఠేకేదారు ఎందుకు పిలుస్తాడు? ఇంట్లో కూర్చుని గోడ వంక చూస్తూ ఉండేవాడు. ఆ రోజుల్లోనే మా వీధి మహిళా సంఘంలో సోయా పాలూ, సోయా పనీరూ చెయ్యడం నేర్పిస్తామన్నారు. టిఫిన్ పెడతారంటే వెళ్ళాను. వెళ్ళినదాన్ని పని పట్టుకుని వచ్చాను.

గింజల్ని సాయంత్రమే నానబెట్టుకోవాలి. తెల్లారేసరికి రెండింతలయ్యి నున్నగా ఉంటాయి. నీళ్ళలో వేసి చేత్తో పిసికితే తొక్కలు పైకి తేలతాయి. వేడి నీళ్ళు పోసి రుబ్బితే పచ్చి వాసన సగం తగ్గుతుంది. తర్వాత మరిగించడం. నురగ పొంగగానే ఉడికిపోయిందనుకుంటారు కొత్తవాళ్ళు. ఉడకదు. మంట తగ్గించి, కలుపుతూ, ఇంకా చాలాసేపు మరగనివ్వాలి. సరిగ్గా ఉడకని పాలు తాగితే కడుపు పాడవుతుంది. గుడ్డలో వడగట్టి, యాలకులూ కాస్త బెల్లమూ వేస్తే అయిపోయినట్టే. మిగిలిన పిప్పిలో ఉల్లిపాయలూ పచ్చిమిరపకాయలూ శనగపిండీ కలిపి వడలు వేసేదాన్ని. మా అమ్మాయికి ఆ వడలంటే ప్రాణం.

క్యాను మూత పెట్టే ముందు మొదటి గ్లాసు నేను తాగేదాన్ని. రుచి చూడ్డానికి కొంత, ఆకలికి కొంత. అది రోజూ ఉండే అలవాటు.

గేటు దగ్గర పాలు పోస్తున్నంతసేపూ ప్రశ్నలే. ఒక్క చుక్క తాగకుండా ప్రశ్నలడిగి వెళ్ళిపోయేవాళ్ళు కూడా ఉండేవారు. రిటైరైన ఒక ఫోర్మన్ గారు మీసం తుడుచుకుంటూ, పక్కనున్నవాళ్ళకి వినపడేలా అడిగేవారు, మగాళ్ళు ఇది తాగితే ఛాతీ పెరుగుతుందట కదా అని. “మీ మీసం ఏమైనా ఊడిందా బాబూ?” అనేదాన్ని. అందరూ నవ్వేవారు. మామూలుగా తిండిలో తినేదానికి, తాగేదానికి అలాంటిదేమీ జరగదని శిక్షణలో చెప్పారు. థైరాయిడ్ ఉన్నవాళ్ళు అడిగితే, మాత్ర పరగడుపునే వేసుకోండి, పాలు దాని వెంటనే వద్దు, మధ్యలో గంటలు గడవాలి, మీ డాక్టర్ని కూడా అడగండి అనేదాన్ని. ఒక చంటిపిల్ల తల్లి, డబ్బా పాలకి బదులు మీ పాలు సీసాలో పోసి పట్టొచ్చా అంది. వద్దమ్మా, ఏడాది నిండని పిల్లలకి ఇవి సరిపోవు, పిల్లల డాక్టరు చెప్పిందే పట్టాలి అన్నాను. ఇంతకీ ఇది పాలా, పప్పు నీళ్ళా అని ఎగతాళి చేసేవాళ్ళు సరే సరి. మన ఆంధ్రా నుంచి చుట్టాలెవరైనా వస్తే, మీల్ మేకర్ చేసేది కూడా ఈ గింజలతోనేనా అని ఆశ్చర్యపోయేవారు. ఇక్కడ దాన్ని సోయాబీన్ బడి అంటారు. బంగాళాదుంపతో కలిపి కూర చెయ్యని ఇల్లు ఉండదు.

అన్నిటికీ నా దగ్గర జవాబు ఉండేది. చివర్లో ఒక మాట తప్పకుండా చేర్చేదాన్ని. “భయం ఏటీ నేదు. నేను రోజూ తాగుతున్నాను కదా, నన్ను సూడండి.”

నన్ను చూడండి అనే ధైర్యం ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పటికీ తెలీదు.

గడ్డ స్నానం చేస్తుంటే తగిలింది. ఎడమ రొమ్ములో, చంక దగ్గరగా. నొప్పి లేదు. నొప్పి లేదు కాబట్టి ఏమీ కాదనుకున్నాను. రోజూ సబ్బు రాసుకుంటూ అక్కడ వేలు పెట్టి చూసేదాన్ని, కరిగిపోయిందేమో అని. కరగలేదు. గేటు దగ్గర పాలు పోస్తూ కూడా చెయ్యి అక్కడికే వెళ్ళేది. ఒకరోజు మా అమ్మాయి చూసింది. అది కాలేజీలో చదువుతోంది. మేము తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే పిల్ల.

“క్యా హువా, మా? అక్కడ ఏముంది?”

“ఏటీ నేదు. చీమ కుట్టింది.”

అది నా చెయ్యి తీసేసి, తన చెయ్యి పెట్టింది. ఆ వారంలోనే నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళింది.

పరీక్షలన్నీ అయ్యాయి. సూది గుచ్చి ముక్క తీశారు. మొదటి రిపోర్టు వచ్చిన రోజు డాక్టరు కేన్సరని చెప్పాడు, ఆపరేషన్ చెయ్యాలన్నాడు, ఇంకో రిపోర్టు రావాలి, అది చూశాక తక్కిన వైద్యం సంగతి అన్నాడు. ఆ మాటలు విన్నాను గానీ లోపలికి దిగలేదు. ఇంటికొచ్చి మామూలుగానే గింజలు నానబెట్టాను. మర్నాడు మామూలుగానే పాలు మరగబెట్టి అమ్మాను. మా బావ కూడా మామూలుగానే గ్లాసులు కడిగాడు. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు, అంతే.

ఆ మాట లోపలికి దిగింది రెండో రిపోర్టు వచ్చాకే. దాన్ని మా అమ్మాయే తెచ్చింది. అందులో ఈఆర్ పాజిటివ్ అని రాసి ఉంది. అదేమిటో ఫోనులో వెతికింది. చదువుతూ చదువుతూ ఆగిపోయింది. ఫోను బోర్లా పెట్టేసింది.

“ఏటి రాసుంది?” అని మా బావ అడిగాడు.

“కుచ్ నహీ, బాబూజీ.”

“ఏటి రాసుందో సెప్పు.”

ఆయన గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు. పిల్ల ఏడుపు ఆపుకుంటూ చెప్పింది. ఈ రకం గడ్డ ఈస్ట్రోజన్ అనే ఆడ హార్మోను ఆసరాతో పెరుగుతుందట. సోయా గింజల్లో ఆ హార్మోనుని పోలినది ఒకటి ఉంటుందట. కొందరు తినొద్దని రాశారట, కొందరు ఏమీ కాదని రాశారట.

ఏమీ కాదని రాసినవాళ్ళ మాట మాలో ఎవరికీ వినపడలేదు.

మా బావ లేచి వంటగదిలోకి వెళ్ళాడు. నానబోసిన గింజల బకెట్టు ఎత్తుకుని బయటికి వచ్చాడు. నడుం పట్టేసిన మనిషి ఆ బరువెలా ఎత్తాడో నాకు తెలీదు. వీధి కాలువలో దాన్ని మొత్తం వంచేశాడు. తెల్లగా ఉబ్బిన గింజలు నల్లటి నీళ్ళలో పడి, కొట్టుకుపోకుండా అక్కడే నిలిచిపోయాయి. ఎవరిదో మేక వచ్చి తినబోయింది. ఆయన దాన్ని చేత్తో అదిలించి తరిమాడు. ఆ తరవాత గట్టు మీద కూలబడి తలపట్టుకున్నాడు.

“మన సేతుల్తో మనవే సేసుకున్నాం,” అన్నాడు. “రోజూ గ్లాసుడు. రోజూ నా కళ్ళ ముందే తాగినావు. నేనే గ్లాసు కడిగిచ్చాను.”

నాకూ అదే తోచింది. ఆ క్షణంలో నాకు వచ్చిన జబ్బు కంటే పెద్ద భయం ఒకటి పట్టుకుంది. నేను తాగింది ఒక్క గ్లాసు. మిగతా క్యాను అంతా ఎవరు తాగారు? ఎంతమంది ఆడవాళ్ళు? ఎంతమంది ఆడపిల్లలు?

ఒక పిల్ల ఉండేది. టెల్కో కాలనీ నుంచి తల్లి స్కూటీ మీద తీసుకొచ్చేది. ఆ పిల్లకి ఆవుపాలు పడవు, తాగితే కడుపునొప్పి. ఒకరోజు మా పాలు తాగి, ఏమీ అవ్వలేదని తల్లి సంబరపడిపోయింది. అప్పట్నుంచీ మానలేదు. గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని, పైన కట్టిన మీగడని నాలుకతో ముందు లాగేసి, తర్వాత తాగేది. ఆ ముఖం కళ్ళముందు నుంచి పోలేదు. అన్నం ముందు కూర్చుంటే ఆ పిల్లే, కళ్ళు మూసుకుంటే ఆ పిల్లే.

మర్నాడు ఆటో ఎక్కి టెల్కో వెళ్ళిపోయాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. క్వార్టరు నంబరు తెలీదు. స్కూటీ రంగు చెప్పుకుంటూ, పిల్ల పోలికలు చెప్పుకుంటూ ఆ లైన్లన్నీ తిరిగాను. షిఫ్టు బస్సులు వచ్చే వేళకి ఇల్లు దొరికింది. తల్లి తలుపు తీసి, పాలావిడ ఇంటికి రావడమేమిటని చూసింది. మంచినీళ్ళు ఇచ్చింది. తాగకుండానే చెప్పేశాను, హిందీలో, ఒక మాటకి ఇంకో మాట పొంతన లేకుండా. నాకు కేన్సరొచ్చింది, పాల వల్ల అంటున్నారు, మీ అమ్మాయికి ఇంక పట్టకండి, డాక్టరుకి చూపించండి.

ఆవిడ ముఖంలో నెత్తుటిచుక్క లేదు. లోపలున్న పిల్లని ఒకసారి తిరిగి చూసింది. తర్వాత నాతో మెల్లగా అంది, “భయం లేదని ఇంతకాలం మీరే కదా చెప్పారు దీదీ? నేను ఎన్నిసార్లు అడిగాను మిమ్మల్ని?”

తిట్టి ఉంటే బాగుండేది. తిట్టలేదు. ఆ ప్రశ్న అడిగి జవాబు కోసం నిలబడింది. నా దగ్గర జవాబు లేని ప్రశ్న అదే మొదటిది. గ్లాసు అరుగు మీద పెట్టేసి వచ్చేశాను.

ఆ వారం పది రోజులూ నేను మనిషిని కాను. ఎవరి ఇల్లు తెలిస్తే వాళ్ళ ఇంటికి వెళ్ళాను. ఫోర్మన్ గారి భార్యకి చెప్పాను. పార్కులో యోగా నేర్పే ఆవిడకి చెప్పాను. కొందరు అయ్యో అన్నారు. ఒకావిడ నేను కూర్చున్న కుర్చీని నేను లేవగానే తుడిచింది, ఈ జబ్బు అంటుకుంటుందని కాబోలు. పార్కు గేటు దగ్గర మా గురించి ఎవరో పుకారు పుట్టించి వ్యాపారం పాడుచేశారని మా అమ్మాయి తర్వాత ఎవరెవరినో అనుమానించింది. పుట్టించింది నేనే. వీధి వీధీ తిరిగి, ఏడ్చి ఏడ్చి నేనే చెప్పాను.

చివరికి టీచరమ్మ ఇంటికి వెళ్ళాను. ఆవిడ రిటైరైన టీచరు, తెలుగావిడే, వాళ్ళవాళ్ళు కాకినాడ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. ఆదివారం చర్చి నుంచి తిరిగి వస్తూ కూడా మా దగ్గర ఆగి గ్లాసు తాగి వెళ్ళే మనిషి. నేను చెప్పిందంతా మధ్యలో ఒక్క మాట అడ్డం రాకుండా విన్నారు. అప్పుడు అడిగారు.

“పాల వల్లేనని నీకు చెప్పిందెవరమ్మా? డాక్టరు గారా, ఫోనా?”

“ఫోనులో ఉందండి.”

“డాక్టర్ని అడిగావా?”

అడగలేదు. అడగడానికి వెళ్ళాను, ఒకసారి కాదు. నా వంతు వచ్చి లోపలికి వెళ్ళేసరికి ఆయన అప్పటికే తర్వాతి ఫైలు చూస్తూ ఉండేవాడు. ఆపరేషన్ సంగతి ఆయన చెప్తుంటే పాల సంగతి నేనెలా అడగను? చదువురానిదాన్నని నవ్వుతాడనిపించేది. అసలు భయం అది కాదు. అవునమ్మా, నీ పాల వల్లే అని ఆయన నోటితో అంటే ఆ కుర్చీలోంచి నేను లేవలేను.

“నాకు భయమండీ,” అన్నాను.

“నీకోసం ప్రార్థన చేస్తాను. ముందు మాత్రం అడిగి వద్దాం పద,” అన్నారు ఆవిడ, చెప్పులు వెతుక్కుంటూ.

ఆవిడ నా పక్కన కూర్చున్నారు. డాక్టరు ఫైలు మూయబోతుంటే నా మోచెయ్యి పొడిచారు. అడిగాను. నేను సోయా పాలు చేసి అమ్ముతాను సార్, రోజూ తాగేదాన్ని కూడా, ఇది దానివల్లే వచ్చిందా అని. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

ఆయన నవ్వలేదు. పెన్ను కింద పెట్టాడు.

“లేదమ్మా,” అన్నాడు. “సోయాలో ఉండేది ఆడ హార్మోనుని పోలినది, హార్మోను కాదు. ఒంట్లో రెండూ ఒకేలా పనిచెయ్యవు. తిండిగా తినే సోయా వల్ల ఈ జబ్బు వస్తుందని తేలలేదు. మీలాంటి రిపోర్టు ఉన్నవాళ్ళకి కూడా, మామూలుగా తిండిలో తింటే ఫర్వాలేదనే చెప్తున్నాం. బలానికని సోయా సారం తీసి అమ్మే గుళికలూ పొడులూ ఉంటాయి, అవి మాత్రం నన్నడక్కుండా వాడకండి.”

“నేను అమ్మిన పాలు తాగిన పిల్లలకి?”

“పిల్లలకి ఏం కాదు. మీరు ఎవరికీ ఏమీ చెయ్యలేదు.”

టీచరమ్మ నా చెయ్యి పట్టుకున్నారు. ఆవిడ కళ్ళలో నీళ్ళు. నేను తేలికపడాలి. దేవుడా అని ఊపిరి పీల్చుకోవాలి. కానీ నా నోట్లోంచి ఇంకో ప్రశ్న వచ్చింది.

“మరి నాకు ఎందుకొచ్చింది సార్?”

“చాలామందికి ఎందుకొచ్చిందో మేం చెప్పలేమమ్మా. వస్తుంది. మీరు చేసిన తప్పేమీ లేదు.”

బయటికి వచ్చి వరండాలో బల్ల మీద కూర్చుంటే అప్పుడు వచ్చింది ఏడుపు. అంతకుముందు ఎన్ని రోజులు ఏడ్చినా అది ఆ ఏడుపు కాదు. పాల వల్ల వచ్చిందనుకున్నన్ని రోజులూ నాకు ఒక దారి ఉండేది. పాలు మానేస్తే జబ్బు ఆగుతుందని, తప్పు తెలిసింది కాబట్టి దిద్దుకోవచ్చని, లోపలెక్కడో ఒక మూల నమ్మకం. ఇప్పుడు మానడానికి ఏమీ లేదు. ఎందుకొచ్చిందో తెలీనిది, మళ్ళీ ఎప్పుడు వస్తుందో ఎలా తెలుస్తుంది? నేనేం చేసినా వస్తుందా? ఏం చెయ్యకపోయినా పోతుందా? గోడకేసి తల కొట్టుకోవాలనిపించింది. టీచరమ్మ నన్ను గట్టిగా పట్టుకుని కూర్చున్నారు.

మర్నాడే టెల్కో వెళ్ళాను, ఆ పిల్ల తల్లికి చెప్పడానికి. ఈసారి మాటలు సరిగ్గా పేర్చుకుని వెళ్ళాను. ఆవిడ గుమ్మంలోనే నిలబడి విన్నది. “మంచిది దీదీ. మీ ఒళ్ళు జాగ్రత్తగా చూసుకోండి,” అంది. “ఇప్పుడు వేరేవి ఇస్తున్నాం.” మర్యాదగానే తలుపు వేసుకుంది. ఆవిడ స్థానంలో నేనున్నా అదే చేసేదాన్ని. ముందు ఒకటి చెప్పి, తర్వాత దానికి విరుద్ధం చెప్పి, మళ్ళీ మొదటిదే నిజమనే మనిషి మాట బిడ్డ విషయంలో ఎవరు నమ్ముతారు?

ఇంట్లో మా బావ కూడా నమ్మలేదు.

“డాక్టర్లు అలగే అంటారు,” అన్నాడు. “నువ్వు బాధపడతావని సెప్పుంటాడు.”

“టీచరమ్మ కూడా విన్నారు బావా.”

“ఆవిడదేటి పోయింది? తినేది నువ్వు.”

ఆపరేషన్ అయింది. తర్వాత కీమో మొదలుపెట్టారు. దాని గురించి నేను ఎక్కువ రాయలేను. నోట్లో పుళ్ళు, నాలుక మీద ఎప్పుడూ ఇనుప రుచి. జుట్టు దువ్వెనకి వచ్చినప్పుడు మా అమ్మాయే మిగిలింది తీసేసి, తలకి తన చున్నీ చుట్టింది.

నాకు గుర్తుండిపోయింది ఆ నొప్పులు కాదు, మా ఇంట్లో కంచం ఖాళీ అవుతూ వచ్చిన తీరు. సోయా ముందే పోయింది. ఇంట్లో ఉన్న సోయాబీన్ బడి పొట్లాం కూడా మా బావ పారేశాడు. తర్వాత ఎవరో పంచదార కేన్సర్‌కి మేత అన్నారు, బెల్లంతో సహా తీపి పోయింది. బజార్లో ఇంకెవరో కోళ్ళకి హార్మోను సూదులు వేస్తారన్నారు, చికెన్ పోయింది. పాలలో కూడా అదే అన్నారు, పాలూ పెరుగూ పోయాయి. వేడి చేస్తుందని వంకాయ. చల్లదనమని పుచ్చకాయ. ప్రతి సాయంత్రం ఆయన ఎక్కడినుంచో ఒక కొత్త భయం మోసుకొచ్చేవాడు. నేను వాదించలేదు. వాదించడానికి ఒంట్లో ఏముంది? గంజి తాగి పడుకునేదాన్ని.

తర్వాతి కీమోకి వెళ్తే బరువు చూసి డాక్టరు ఆపేశాడు. రక్తం లేదు, ఒంట్లో సత్తువ లేదు, ఇలా అయితే మందు ఎక్కించలేం అన్నాడు. మా బావ వైపు తిరిగి కోపంగా అడిగాడు, ఈమెకి ఏం పెడుతున్నారు, గుడ్లు ఏవి, పప్పు ఏది, చేప ఏది అని. పాలు పెట్టండి, పెరుగు పెట్టండి, పనీరు పెట్టండి, సోయా బడి పెట్టండి, ఏది ఇమిడితే అది పెట్టండి అన్నాడు. పేషెంటుని పస్తు పెడితే ముందు ఓడిపోయేది కేన్సర్ కాదు, పేషెంటు అన్నాడు.

దారిలో సాక్చీ బజారు దగ్గర ఆటో ఆపించి గుడ్లు కొన్నాడు. ఇంటికి రాగానే వంటగదిలోకి వెళ్ళి ఒక గుడ్డు ఉడకబెట్టాడు. వలిచి, ప్లేటులో పెట్టి, నా ముందుకి తెచ్చి, మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు. ప్లేటు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

“ఏటి పెట్టమంటావే నన్ను?” అన్నాడు. “సెప్పు. ఏది పెడితే బతుకుతావో సెప్పు. ఇది పెడితే ఏటవుద్దో అని భయం, పెట్టకపోతే ఏటవుద్దో అని భయం. నా సేత్తో గ్లాసు ఇచ్చాను, ఇలగయ్యింది. మళ్ళా నా సేత్తో ఇంకోటి ఎలగ పెట్టను?”

నలుగురిలో నోరు పెగలని మనిషి. కోడిగుడ్డు ప్లేటు పట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ప్లేటు నేనే లాక్కుని గుడ్డు నోట్లో పెట్టుకున్నాను. ఆయన చూస్తున్నాడని మింగాను. కాసేపు లోపల నిలిచింది. తర్వాత బయటికి వచ్చేసింది. ఆయన బకెట్టు పట్టుకున్నాడు. అదయ్యాక, “ఇంకోటి పెట్టు,” అన్నాను. ఇంకోటి ఉడకబెట్టాడు. అది సగం నిలిచింది.

ఇలా సగం సగం మింగుతూ ఒంట్లోకి కాస్త జీవం వచ్చింది. ఆగిన కీమో మళ్ళీ ఎక్కించారు. టీచరమ్మ ఒకసారి నా కోసం తన చేత్తో సోయా పాలు చేసి తెచ్చారు, యాలకులు వేసి, నేనెలా చేసేదాన్నో అలాగే. మూత తియ్యగానే ఆ వాసనకి నాకు వాంతి వచ్చింది. అది జబ్బు చేసిన పనా, మా భయం చేసిన పనా తెలీదు. ఆవిడ ఏమీ అనుకోకుండా మూత పెట్టేసి, గిన్నె పట్టుకుని వెళ్ళిపోయారు.

ఇప్పుడు ఆ మందులన్నీ అయిపోయాయి. రోజుకొక మాత్ర వేసుకోవాలి, ఏళ్ళ తరబడి. దానికి కీళ్ళు నొప్పులు పుడతాయి, వేసవిలో పొయ్యి దగ్గర కూర్చున్నట్టు ఒళ్ళంతా ఉన్నట్టుండి సెగలు. పరీక్షకి వెళ్ళే ముందు వారం ఇంట్లో ఎవరం సరిగ్గా తినం. మా బావ టోటో, అంటే బ్యాటరీ రిక్షా, నడుపుతున్నాడు. కూర్చుని చేసే పని కాబట్టి నడుం ఓర్చుకుంటోంది. పాలు చేసే గ్రైండరు ఎప్పుడో అమ్మేశాం. పార్కు గేటు పక్కన ఇప్పుడు ఎవరో మొలకలూ నిమ్మరసమూ అమ్ముతున్నారు.

ఆయన ఇప్పటికీ నమ్మడు. డాక్టరు మాటా నమ్మడు, మా అమ్మాయి చదివి వినిపించినా నమ్మడు. మా ఇంటి గుమ్మం దాటి సోయా గింజ లోపలికి రాదు. బిస్కెట్ పొట్లాం వెనకాల సోయా అన్న మాట కనిపిస్తే కూడా కొట్లో తిరిగి ఇచ్చేస్తాడు. మొదట్లో నేను పోట్లాడాను. నింద పడింది నా పాల మీద కదా, నా చేతి పని మీద కదా. ఎన్నో పొద్దుల కష్టం మీద కదా. ఒకరోజు పోట్లాట మధ్యలో ఆయన ముఖం చూసి ఆగిపోయాను. సోయా కాదని ఒప్పుకుంటే ఆ మనిషి దేన్ని తిట్టుకోవాలి? దేన్ని గుమ్మం బయట ఆపి నన్ను కాపాడుతున్నాననుకోవాలి? ఆసుపత్రి వరండాలో బల్ల మీద నాకు కనిపించిన ఆ ఖాళీ ఆయన చూడలేడు. నేను చూశాను కాబట్టి తెలుసు. ఆ తర్వాత వాదించడం మానేశాను.

మొన్న టెల్కో బజారుకి వెళ్ళాను, బట్టల పని మీద. అక్కడ ఒక బండి మీద సోయా చిల్లీ వేడివేడిగా వేస్తున్నాడు, క్యాప్సికమ్ ముక్కలూ ఉల్లిపాయలూ వేసి, పెద్ద మంట మీద. చాలాకాలానికి ఆ వాసన నా కడుపుని తిప్పలేదు. ఆకలేసింది. నిజంగా ఆకలేసి ఎన్నాళ్ళయిందో. ఒక ప్లేటు చెప్పి, గోడ పక్కకి వెళ్ళి నిలబడి తిన్నాను. కారానికి కళ్ళలో నీళ్ళొచ్చాయి. మొదటి ముద్దకి భయమేసింది. అబద్ధం చెప్పను. డాక్టరు మాట మనసుకి తెలిసినా, గొంతుకి ఇంకా తెలీలేదు. రెండో ముద్దకి భయం తగ్గలేదు గానీ రుచి తెలిసింది. ప్లేటు ఖాళీ చేశాను.

ఇంటికి వచ్చేసరికి ఆయన టోటో తుడుస్తున్నాడు.

“ఎండలో తిరిగొచ్చావు. ఏటైనా తిన్నావా?” అన్నాడు.

“ఒక టీ తాగాను,” అన్నాను.

“టీ తాగితే సరిపోద్దా?” అని గుడ్డ పక్కన పడేసి, చేతులు కడుక్కుని, నాకు అన్నం పెట్టడానికి లోపలికి వెళ్ళాడు. కడుపులో చోటు లేకపోయినా కూర్చుని తిన్నాను.